మేనకోడలి తూకం

హిందూపురం,
2 జూలై 2024

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశాడేమిటి, వీడికేమైనా మతి పోయిందా అనుకుంటావు. మా ఇంట్లో ఫోన్ మోగితే ముందు ఎత్తేది నీ కూతురే. ఉన్నవి రెండు గదులు. నీతో ఏం మాట్లాడినా సౌమ్య చెవిన పడుతుంది. ఇది తను వినకూడని సంగతి. నువ్వు కూడా జవాబు ఇంటికి కాకుండా మా స్కూలు అడ్రసుకు రాయి.

చదువుకోసం నువ్వు పిల్లను నా దగ్గర దించి వెళ్ళి నెల కాలేదు. ఎనిమిదో తరగతి గది పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి పైకి వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడిపోతోంది. పోయిన వారం స్కూలుకు డాక్టర్లు వచ్చి పిల్లలందరినీ పరీక్ష చేశారు. సౌమ్య రక్తం చూసి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇట్లే ఉంటే తొందర్లోనే షుగరు మాత్రలు మింగాల్సొస్తాది సార్, పదమూడేండ్ల పిల్ల!" అంది. ఇంకా చాలామంది పిల్లల గురించి ఇదే మాట చెప్పింది.

నేను పేరుకు ఆటల మాస్టర్ని. మెడలో విజిల్ ఉంది, ఊదడానికి గ్రౌండు లేదు. సగం గ్రౌండులో స్కూలు బస్సులు నిలబెట్టారు, మిగతా సగంలో కొత్త బిల్డింగు లేపారు. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పిస్తారు. ఆ గంటసేపు పిల్లలు గుసగుసలాడకుండా నన్ను వరండాలో కాపలా పెడతారు. ఇంటర్వెల్ వస్తే క్యాంటీన్‌లో పఫ్‌లు, చిప్స్, కూల్‌డ్రింకులు. గేటు బయట బండ్ల మీద కూడా అవే. పొద్దున కూర్చున్న పిల్లలు తినడానికి లేచి మళ్ళీ కూర్చుంటారు. వాళ్ళు లావెక్కితే తప్పు వాళ్ళదా?

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంతమంది తల్లిదండ్రులను కూడగట్టాను. గ్రౌండు తిరిగివ్వండి, ఆటల పీరియడు ఆటలకే ఉంచండి, క్యాంటీన్‌లో ఆ సరుకు ఆపండి అని స్కూలుకు అర్జీ ఇచ్చాం. బండ్ల సంగతి చూడమని మునిసిపాలిటీకి ఇంకొకటి ఇచ్చాం.

నిన్ను అడిగేది ఒక్కటే. బావ చీరల మూట తీసుకుని ఇక్కడి అంగడికి వచ్చినప్పుడల్లా నువ్వు పంపే రవ్వలడ్ల డబ్బా కొన్నాళ్ళు ఆపు. కోప్పడకు.

నీ తమ్ముడు,
రాఘవేంద్ర


ధర్మవరం,
13 జూలై 2024

రాఘవా,

కోప్పడవద్దని రాశావు కాబట్టి కోప్పడ్డాను. నీ ఉత్తరం వచ్చే వేళకు మీ బావ మగ్గానికి కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు, నేను పోగులు అతుకుతున్నాను. కోపంలో రెండు సార్లు పోగు తెంపాను. ఆ పాపం నీదే.

పిల్ల బొద్దుగా ఉంటే నీకేం నొప్పి? మన ఇంట్లో అందరూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్ళమే. మన నాయన లావుగా లేడా? నువ్వు మాత్రం పరుగు పందేలకు పోయి పుల్లలా తయారయ్యావు. అది మా తప్పు కాదు. పక్కింటి వరలక్ష్మికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఏమక్కా, పిల్లకు అన్నం పెట్టేది అత్తకు బరువైనట్టుండాది, అందుకే ఈ డాక్టర్ల కథ" అంది. నేను ఆ మాట అనుకోలేదు. విన్నాను, అంతే.

నీ భార్య మాధవికి కష్టంగా ఉంటే నేరుగా చెప్పమను. బియ్యం, రాగులు నేనే పంపుతాను. మేనమామ ఇంట్లో పిల్ల చిక్కిందంటే మాట పడేది నువ్వే.

స్కూలు వాళ్ళతో తగాదా పెట్టుకోకు. ఉద్యోగం పోతే చీరలు మోయడానికి బావకు మనిషి అవసరం లేదు. లడ్ల డబ్బా ఈ సోమవారం కూడా వస్తుంది. నేతివి.

అక్క


హిందూపురం,
25 ఆగస్టు 2024

అక్కా,

వరలక్ష్మమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఆమె మాట మాధవికి చూపించలేదు. చూపించి ఉంటే నేనూ ఈ పాటికి ధర్మవరంలో చీరల మూట మోస్తుండేవాణ్ణి.

ఇక్కడ పెద్ద కబురు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి గేటు ముందు బండ్లు తీయించారు. మర్నాడు పొద్దునకే మళ్ళీ వచ్చేశాయి, అది వేరే సంగతి. అర్జీ మీద మా కరస్పాండెంట్ తిమ్మరాజు మీటింగు పెట్టాడు. ఆ మనిషి నవ్వుతూనే ఏదీ ఇవ్వడు. గ్రౌండు అంటే వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. క్యాంటీన్ అంటే కాంట్రాక్టు ఉంది, మధ్యలో ఆపలేం అన్నాడు. ఆటల పీరియడు అంటే మార్కులు తగ్గితే మీరే వచ్చి అడుగుతారు కదా అని తల్లిదండ్రుల వైపే తిరిగాడు. వాళ్ళు మెల్లగా వెనక్కు తగ్గారు. చివరికి, "ఏమప్పా రాఘవేంద్రా, పిల్లల బరువు తగ్గాల, అంతే గదా? తగ్గిద్దాం పా" అని వాడే ఒక పథకం చెప్పాడు. నెలకోసారి ప్రార్థన తర్వాత స్టేజీ మీద పిల్లల బరువు చూడాలి, పేరూ బరువూ బోర్డు మీద రాయాలి, బాగా తగ్గినవాళ్ళకు బాలల దినోత్సవం నాడు బహుమతి.

నేను అడిగింది అది కాదు. కానీ మొదట ఇది సాగనిస్తే తర్వాత గ్రౌండు అడగొచ్చని సరేనన్నాను. కొందరు తల్లులు తమ పిల్లలను అందరి ముందు తూచితే ఒప్పుకోం అన్నారు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ముందు నా మేనకోడల్నే ఎక్కిస్తాను, చూడండి అన్నాను. సొంత పిల్లనే నిలబెట్టినవాణ్ణి ఎవరు తప్పు పడతారు? అందరూ ఒప్పుకున్నారు.

సౌమ్య మెషిన్ ఎక్కింది. మైకులో బరువు చదివారు. వెనక వరుసలో మగపిల్లలు నవ్వితే గట్టిగా అరిచాను. మన పిల్ల ఏం చేసిందో తెలుసా? వాళ్ళతో పాటు తనూ నవ్వింది! దిగి వచ్చి, "ఏం కాలేదులే మామా, నీ మీటింగు బాగా జరిగింది గదా" అంది. ఎంత ధైర్యం అక్కా! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాఘవేంద్ర


ధర్మవరం,
17 అక్టోబరు 2024

రాఘవా,

దసరా సెలవులకు పిల్ల వచ్చి వెళ్ళింది. బస్సు దిగినప్పుడు సంతోషించాను. మొహంలో కళ వచ్చింది, నడక తేలికైంది. పోనీ తమ్ముడి మాటే నిజమేమో అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ సంతోషం నిలవలేదు.

పండగకు కుట్టించిన పట్టు జాకెట్టు భుజాల మీద నుంచి జారిపోయింది. జూన్‌లో ఇచ్చిన కొలత. ఒబ్బట్టు పెడితే, "తిన్నాలేమ్మా, వరలక్ష్మత్త ఇంట్లో తిన్నా" అంది. వరలక్ష్మిని అడిగితే, "మీ ఇంట్లో తిన్నానని నాకు చెప్పిందే" అంది. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. మగ్గం గదిలో ఉక్కకు మేము చెమటలు కారుస్తుంటే తను దుప్పటి కప్పుకుని కూర్చుంది.

మా ఇంట్లో తిన్నానని దొంగమాట చెప్పి అన్నం తినకుండా తిరిగే పిల్లను ఎప్పుడూ చూడలేదు. మీ ఇంట్లో ఏం జరుగుతోంది? మాధవి ఏమైనా అంటోందా? తిండి దగ్గర అన్న మాటలు ఆడపిల్ల మరచిపోదు. నువ్వు స్కూలు పిల్లలందరినీ ఉద్ధరించు, నాకేం బాధ లేదు. నా పిల్లకు మాత్రం కంచంలో అన్నం పెట్టించు.

నాకు చేతనైంది నేను చేశాను. సౌమ్య మళ్ళీ కండ పడితే ఉగాదికి చౌడేశ్వరమ్మ గుడిలో బెల్లంతో తులాభారం తూగిస్తానని మొక్కుకున్నాను. వీధి వీధంతా పిలుస్తాను. పిల్లకు చెప్పు, సంతోషపడుతుంది.

అక్క


హిందూపురం,
18 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం మీద నాకు కోపం వచ్చింది. నెల ఆగి రాస్తున్నానంటే ఎంత కోపమో చూసుకో. మాధవి ఆ పిల్లకు పొద్దున్నే లేచి బాక్సు కడుతుంది. బాక్సు సాయంత్రం ఖాళీగా, కడిగి తిరిగి వస్తుంది. మెతుకు ఉండదు. తినని పిల్ల బాక్సు అట్లా వస్తుందా? రాత్రికి మాత్రం వద్దంటుంది. నేను బలవంతం చెయ్యను. పెద్దవాళ్ళకే లేని కట్టుబాటు అది.

ఇప్పుడు కోపం పోయే కబురు చెబుతాను. బాలల దినోత్సవం నాడు మొదటి బహుమతి సౌమ్యకే! తిమ్మరాజు స్వయంగా శాలువా కప్పాడు. పేపర్లో ఫోటో వేశారు, కత్తిరించి ఇందులో పెట్టాను. స్కూలు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క జూన్‌లో సౌమ్య, ఇంకో పక్క ఇప్పటి సౌమ్య. పక్క స్కూళ్ళ మాస్టర్లు వచ్చి అడిగి పోతున్నారు. ఆడపిల్లలంతా సౌమ్య వెంటే తిరుగుతున్నారు, నువ్వేం చేశావు, మాకూ చెప్పు అని.

చలి అంటుంది, నిజమే. మధ్యాహ్నం కూడా స్వెట్టర్ తియ్యదు. మాధవి, "డాక్టరుకు ఒకసారి చూపిద్దాం, నాకేదో తేడాగా ఉండాది" అంటుంది. కొవ్వు కరిగితే చలి తెలుస్తుందని చెప్పాను. చదువుకున్న దానివి, మా అక్క లాగా మాట్లాడకు అని కూడా అన్నాను.

తులాభారం సంగతి పిల్లకు చెప్పాను. పాలిపోయి చూసింది. మెషిన్ ఎక్కినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. నవ్వించడానికి, "భయమెందుకే, ఉగాదికి ఇంకొంచెం తగ్గితే మీ అమ్మకు బెల్లం మిగుల్తాది" అన్నాను. నవ్వింది.

ఇక్కడ ఒక్కటే చికాకు. స్కూలు వెనక గోడ దగ్గర కుక్కలు గుంపుగా చేరాయి. యాడ నుంచి వస్తాండాయో అని మునిసిపాలిటీకి దాని మీద కూడా అర్జీ పెట్టాను.

రాఘవేంద్ర


ధర్మవరం,
19 డిసెంబరు 2024

రాఘవా,

పోయిన సోమవారం మీ బావ దసరా తర్వాత మొదటిసారి మీ స్కూలు గేటు దగ్గర నిలబడి సౌమ్య కోసం చూశాడు. పిల్లలు బయటికి వచ్చారు. ఒక పిల్ల దగ్గరికి వచ్చి, "నాయనా" అని చెయ్యి పట్టుకుందట. ఎవరో అనుకుని ఈయన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి మగ్గం దగ్గర కూర్చున్నాడు గానీ నెయ్యలేదు. ఆయన మాట్లాడని మనిషని నీకు తెలుసు. "మనం పంపిన పిల్ల ఈ పిల్ల కాదు" అని ఒక్క మాటే అన్నాడు.

మాధవిని అనుమానించాను, తప్పే. ఆమెను క్షమించమని అడుగు. కానీ ఆమె డాక్టరు దగ్గరికి పోదామంటే నువ్వు ఆపావు. అందులో నా పేరు ఎందుకు తెచ్చావు?

పిల్లను ఇంటికి పంపు. చదువు ఇక్కడ లేదా? ఫోన్ చేసి నీతో మాట్లాడాలంటే ప్రతిసారీ తనే ఎత్తుతుంది. "మామ బయటికి పోయినాడు, నేను బాగుండానులే అమ్మా" అని పెట్టేస్తుంది.

అక్క


హిందూపురం,
21 జనవరి 2025

అక్కా,

సౌమ్యను ఇప్పుడే పంపడం కుదరదు. కారణం చెబితే నువ్వే ఒప్పుకుంటావు.

ఫిబ్రవరి రెండో తేదీ, ఆదివారం, పిల్లలతో పెనుకొండ కొండ ఎక్కిస్తున్నాం. చుట్టుపక్కల స్కూళ్ళన్నీ వస్తున్నాయి, గోరంట్ల నుంచి కూడా బస్సు వస్తోంది. విద్యాశాఖ పెద్ద అధికారి వస్తానని ఒప్పుకున్నాడు. కొండ మీద, అందరి ముందు, ఆయన చేతికే మా అర్జీ ఇస్తాం. ఆటస్థలం లేని స్కూలు నడవకూడదని, క్యాంటీన్‌లో ఆ చెత్త అమ్మకూడదని. తిమ్మరాజు అక్కడే నిలబడి ఉంటాడు, నవ్వుతూ తప్పించుకోలేడు. ఏడు నెలలుగా తిరిగింది ఈ ఒక్క రోజు కోసం.

బ్యానర్ పట్టుకుని అందరికంటే ముందు నడిచేది సౌమ్య. తను లేకపోతే ఎవరు చూస్తారు? ఆ ఒక్కరోజు కానివ్వు. మర్నాడు నేనే బస్సెక్కిస్తాను, డాక్టరుకు కూడా చూపించి పంపుతాను. మాధవి కూడా అదే షరతు పెట్టింది. పిల్లను అడిగాను. "నువ్వు ఎక్కమంటే ఎక్కుతా మామా" అంది.

బావను కూడా రమ్మను. కూతుర్ని ఈసారి గుర్తు పడతాడు.

రాఘవేంద్ర


ధర్మవరం,
28 జనవరి 2025

రాఘవా,

పిల్లను కొండ ఎక్కించొద్దు. ఈ ఉత్తరం చూడగానే మిగతాది చదవకపోయినా పరవాలేదు, ఎక్కించొద్దు.

నిన్న ఫోన్‌లో నన్ను ఒక మాట అడిగింది. "అమ్మా, ఉగాదికి నన్ను తూచేటప్పుడు ఎంతమంది వస్తారు?" నేను సంబరంగా, "మన వీధంతా వస్తాది, మీ అత్తలు తాడిమర్రి నుంచి వస్తారు" అన్నాను. తర్వాత, "బరువు గట్టిగా చెప్తారా?" అంది. అప్పుడు నాకు అర్థమైంది. నా పిల్ల దేవుడి దగ్గరికి పోవడానికి కూడా భయపడుతోంది రాఘవా. నువ్వు స్టేజీ మీద తూచావు, నేను గుడిలో తూస్తానన్నాను. తన వైపు ఎవరున్నారు?

మొక్కు లేదు, ఏమీ లేదు, ఇంటికి రమ్మని వెంటనే అన్నాను. అప్పటికే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రేపు మీ బావను పంపుదామంటే ఆయనకు జ్వరం, ఆయన్ని వదిలి నేను కదలలేను. నీకు ఈ ఉత్తరం రెండు రోజుల్లో అందాలి.

అక్క


హిందూపురం,
10 ఫిబ్రవరి 2025

అక్కా,

అనంతపురం ఆసుపత్రిలో నువ్వు నా మొహం చూడకుండా తలుపు వేసుకున్నావు. అందుకే రాస్తున్నాను. నీ ఉత్తరం కొండ ఎక్కిన మర్నాడు, సోమవారం, స్కూలు ఆఫీసులో నా బల్ల మీద దొరికింది. కొండ ఏర్పాట్లకని నేను శుక్రవారం నుంచీ పెనుకొండలోనే ఉన్నాను. ఇది సాకు కాదు. ఆ ఉత్తరం అందినా ఎక్కించేవాణ్ణేమో అని నాకే భయంగా ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలియాలి. సగం మెట్లు ఎక్కాక సౌమ్య బ్యానర్ కర్ర ఆనించి కూర్చుంది. "మామా, కొంచేపు" అంది. పెదవులు నీలంగా ఉన్నాయి. పైన అధికారి వచ్చి ఉన్నాడని మైకులో చెబుతున్నారు. "ఇంకొంచెమేనమ్మా, అందరూ చూస్తాండారు" అన్నాను. ఆ మాటకు లేచింది. నాలుగడుగులు వేసి పడిపోయింది. ఎత్తుకున్నాను. పదమూడేండ్ల పిల్ల నా చేతుల్లో బరువే తెలియలేదు. అర్జీ జేబులోనే ఉండిపోయింది.

సౌమ్య ఖాళీ బాక్సూ, ఆ కుక్కలూ గుర్తొచ్చి గురువారం మధ్యాహ్నం భోజనం వేళ స్కూలు వెనక గోడ అవతల నిలబడ్డాను. గంట కొట్టగానే కుక్కలు వచ్చి వరసగా కూర్చున్నాయి. గోడ మీద నుంచి అన్నం పడింది. పప్పన్నం, చిత్రాన్నం, చపాతీలు, ఒకటి తర్వాత ఒకటి. సౌమ్య లేదు కదా, ఇంకా ఎవరు వేస్తున్నారని లోపలికి పరిగెత్తాను. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా ఆడపిల్లలు, ఖాళీ బాక్సులు కుళాయి కింద కడుగుతున్నారు. ఎవరు నేర్పారే అని అడిగాను. ఒక చిన్నపిల్ల, "సౌమ్యక్క ఇట్లనే సన్నగైంది సార్" అంది.

తిమ్మరాజు దగ్గరికి పోయి తూకం ఆపమన్నాను. "ఇంట్లో తిండి పెట్టకుంటే స్కూలేం చేస్తాది? నీ మేనకోడలే గదప్పా, నువ్వే ముందు ఎక్కిస్తివి" అన్నాడు. ఫ్లెక్సీ ఇంకా గేటు మీదే ఉంది. కొత్త అడ్మిషన్లకు పనికొస్తుందట. క్యాంటీన్ నడుస్తోంది. ఈ నెల తూకం ఇరవై ఎనిమిదిన.

ఒక్కసారి పిల్లను చూడనివ్వు అక్కా. తలుపు దగ్గర నుంచే చూసి పోతాను.

రాఘవేంద్ర


అనంతపురం,
17 ఫిబ్రవరి 2025

రాఘవా,

నీ మీద కోపంతో తలుపు వెయ్యలేదు. కోపం ఉంది, అది ఎప్పటికైనా తగ్గుతుంది. తలుపు వేసింది వేరే కారణంతో, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. ఒకేసారి ఎక్కువ పెట్టినా ప్రమాదమేనట. చెంచాతో గంజి పడుతున్నాం. బరువు చూడాల్సి వస్తే పిల్లను వెనక్కు తిప్పి నిలబెట్టి, అంకె కనపడకుండా చూసి పోతారు. మొక్కు వద్దని అమ్మవారికి మీ బావ చెప్పుకుని వచ్చాడు.

నువ్వు పోయి ఆ ఫ్లెక్సీ దించు. ఉద్యోగం పోతే పోనీ. ఇరవై ఎనిమిదో తేదీ లోపల ప్రతి ఇంటికీ పోయి, కుక్కలకు పడుతున్న అన్నం సంగతి ఆ తల్లులకు చెప్పు. ముందు ఎక్కించినవాడివి నువ్వే కాబట్టి నువ్వు చెబితేనే వింటారు. గ్రౌండు కోసం కూడా కొట్లాడు. నువ్వు మొదట రాసినదాంట్లో తప్పేమీ లేదు, ఇప్పుడు నాకు తెలుస్తోంది.

ఇక్కడికి మాత్రం రావొద్దు. సౌమ్య నిన్ను ఒక్క మాట కూడా అనదు. అని ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు. నీకు ఫోన్ చేసి మాట్లాడమంటే దుప్పటి కింద పొట్ట లోపలికి బిగబట్టుకుంది. నిన్న పొద్దున గంజి తాగడానికి లేచి కూర్చుంది. వరండాలో ఎవరిదో మగ గొంతు వినిపించింది. నీ గొంతు అనుకుంది. "మామ వస్తాండాడా అమ్మా? అట్లయితే ఇయ్యాల గంజి వద్దులే" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

అక్క